మా చుక్కకు పిడుదులు పట్టిన నాలుగు నెలలు: నా అనుభవం

మా కుక్క చుక్కకు ఫిబ్రవరి ఆఖరులో పిడుదులు పట్టాయి. ఇల్లు పూర్తిగా శుభ్రపడేసరికి జూన్ సగం గడిచింది. మధ్యలో దానికి జ్వరం వచ్చి ప్రాణం మీదికి వచ్చింది. ఏది ఎప్పుడు జరిగింది, దేనికి ఎన్నాళ్ళు పట్టింది, డబ్బు ఎక్కడ ఖర్చయింది, అన్నీ వరసగా రాస్తున్నాను. ఆ రోజుల్లో నేను ఎక్కడ వెతికినా "ఈ మందు వేయండి, పోతాయి" అన్న మాటే దొరికింది. మందు వేసిన వారానికి కర్టెన్ మీద పాకుతూ కనిపిస్తే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఫిబ్రవరి చివరి ఆదివారం దువ్వుతుంటే కుడి చెవి మడతలో వేలికి గట్టిగా ఏదో తగిలింది. ముందు పులిపిరి అనుకున్నాను. వెంట్రుకలు పాయ తీసి ఫోన్ టార్చ్ వేసి చూస్తే బూడిద రంగులో, ఆముదం గింజలా నున్నగా ఉబ్బి ఉంది. చర్మానికి ఆనుకున్న చోట సన్నటి కాళ్ళు కదిలాయి. ఒళ్ళు జలదరించింది. చుక్క పొట్ట మీద చిన్న చిన్న బుడిపెలు ముందునుంచీ ఉన్నాయి కాబట్టి తర్వాత చాలాసార్లు ఇదే అనుమానం వచ్చేది. అలాంటప్పుడు కాళ్ళున్నాయా లేవా అని చూడటమే దారి. బుడిపెను పిడుదనుకుని లాగితే పాపం దానికి నరకం.

ఆ రోజే ఒళ్ళంతా వెతికాం. మావారు చుక్క తల పట్టుకుని మాట్లాడిస్తుంటే నేను తోక నుంచి మొదలుపెట్టాను. వీపు మీద దాదాపు ఏమీ లేవు. కాలి వేళ్ళ మధ్య, చంకల్లో, మెడపట్టీ కింద, తోక మొదట్లో, చెవుల లోపల ఉన్నాయి. ఉబ్బినవి తక్కువే. చదునుగా, ముదురు గోధుమ రంగులో ఉన్నవే ఎక్కువ. వేళ్ళ మధ్య ఉన్నవాటిని తీయడం అన్నిటికంటే కష్టం. అక్కడ ముట్టుకుంటే చుక్క కాలు లాగేసుకుంటుంది.

తీసే పద్ధతి గురించి ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. మా అత్తయ్య నూనె రాస్తే ఊపిరాడక వదిలేస్తాయన్నారు. పక్కింటివాళ్ళు కిరోసిన్ అన్నారు. ఒకరైతే వేడి తగిలించమన్నారు. నేను ఫోన్ చేసి పశువుల డాక్టర్ గారిని అడిగాను. ఏదీ రాయొద్దు, కాల్చొద్దు, అలా చేస్తే అది వదలకపోగా లోపలున్నది గాయంలోకి కక్కే ప్రమాదం ఉంది అన్నారు. చేతులకు గ్లవ్స్ వేసుకుని, సన్న మొన ఉన్న పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గరగా, తల దగ్గర పట్టుకుని, తిప్పకుండా, ఒకే ఒత్తిడితో నిటారుగా పైకి లాగాలి. పొట్ట దగ్గర పట్టుకుంటే చిట్లుతుంది. తీసినవాటిని గోటితో నలపకూడదు, వాటిలో రోగక్రిములు ఉండవచ్చు. మూత ఉన్న సీసాలో స్పిరిట్ పోసి అందులో వేసేవాళ్ళం. నీళ్ళలో వేస్తే చావవు. రెండుచోట్ల నోటి ముక్క చర్మంలోనే ఉండిపోయింది. సూదితో కెలకొద్దు, చర్మమే బయటికి నెట్టేస్తుంది అన్నారు. అలాగే పోయింది. తీసిన చోట చిన్న గడ్డలాగా రెండు వారాలు ఉంటుందని మాత్రం నాకు తెలియదు. మళ్ళీ ఇంకోటి పట్టిందేమో అని దాన్నే పదే పదే తడిమి చూసుకునేదాన్ని.

మర్నాడు పొద్దున మళ్ళీ ఉన్నాయి. ఆ తర్వాతి రోజూ ఉన్నాయి. చేత్తో తీస్తే అయ్యే పని కాదని అర్థమైంది.

మార్చి మొదటి వారంలో అపాయింట్‌మెంట్ దొరికింది. చెప్పిన టైముకు వెళ్ళినా వరండాలో దాదాపు రెండు గంటలు కూర్చున్నాం. లోపలికి వెళ్ళాక డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న నేను ఊహించలేదు. "దీనికి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అమ్మా?" అన్నారు. ఇప్పుడు ఎక్కువగా వాడే మాత్రలన్నీ, అఫోక్సోలానర్, ఫ్లురలానర్, సరోలానర్, ఒకే కుటుంబానికి చెందినవట. వీటితో కొన్ని కుక్కల్లో వణుకు, తూలడం, ఫిట్స్ కనిపించవచ్చని 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. చాలా కుక్కలకు ఏమీ కాదు, కానీ ముందే అడిగి తీరాలి అన్నారు. చుక్కకు ఎప్పుడూ రాలేదు. ఫ్లురలానర్ మాత్ర ఒకసారి వేస్తే నెలల పాటు పనిచేస్తుంది. అయినా మొదటిసారి కాబట్టి నెలకోసారి వేసే అఫోక్సోలానర్ రాశారు. ఏదైనా పడకపోతే ప్రభావం త్వరగా తగ్గిపోతుందని. మాత్ర బరువును బట్టి ఉంటుంది, అందుకే ముందు తూకం వేశారు. చుక్క 18 కిలోలు.

మెడ మీద వేసే చుక్కల మందు సంగతి కూడా అడిగాను. మా ఇంటికి పై అంతస్తు పిల్లి రోజూ వచ్చి చుక్క పక్కన పడుకుంటుంది. అది చెప్పగానే ఆయన గట్టిగా అన్నారు, పర్మెత్రిన్ ఉన్న మందు ఈ కుక్క మీద వేయొద్దు, పిల్లికి అది విషం అని. కుక్కల కోసం అమ్మే మందు పిల్లిని చంపగలదని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ మాట విని ఉండకపోతే ఏమయ్యేదోనని ఇప్పటికీ భయమేస్తుంది.

మాత్ర ఆ రాత్రే వేశాం. రాత్రంతా పక్కనే పడుకుని చూశాను. వణుకు లేదు, వాంతి లేదు. మర్నాడు పొద్దున చూస్తే పిడుదులు తగ్గకపోగా ఇంకా ఎక్కువ కనిపించాయి. గుండె గుభేలుమంది. ఫోన్ చేస్తే అది మంచిదే అన్నారు. మందు రక్తంలో ఉంటుంది, కుట్టి రక్తం పీలిస్తేనే వాటికి ఎక్కుతుంది, ఎక్కాక లోపల దాక్కున్నవి గిలగిలలాడుతూ పైకి వస్తాయట. రెండు రోజులకు అన్నీ ఎండిపోయాయి. కొన్ని చచ్చి కూడా చర్మానికి అలాగే అంటుకుని ఉన్నాయి, పట్టకారుతో ముట్టుకుంటే రాలిపోయాయి. వారం గడిచింది. చెవులు శుభ్రం, వేళ్ళు శుభ్రం. ఊపిరి పీల్చుకున్నాం.

తర్వాతి వారం మా పాప పిలిచింది, "అమ్మా, కర్టెన్ మీద ఏదో పాకుతోంది" అని. కర్టెన్ పైఅంచున, నా తలకంటే ఎత్తులో, చదునుగా ఒక పిడుదు. అది నేల మీద ఉండాల్సినది కదా అనుకున్నాను. మంచం జరిపి చూస్తే గోడకూ నేలకూ మధ్య పట్టీ సందులో రెండు. స్విచ్ బోర్డు అంచున ఒకటి. తలుపు చట్రం పైన ఒక మూల గోధుమ రంగులో మెరుస్తున్న సన్నటి గింజల కుప్ప కనిపించింది. అవి గుడ్లు.

ఇక్కడే నాకు అసలు విషయం తెలిసింది. మా ఇంట్లో ఉన్నది బ్రౌన్ డాగ్ టిక్ అనే రకం. మిగతా పిడుదులు చాలావరకు గడ్డిలో, పొదల్లో బతుకుతాయి. ఇది మాత్రం ఇంటి లోపలే మొత్తం జీవితం గడిపేయగలదు. గుడ్డు నుంచి ఆరు కాళ్ళ పిల్ల, అది కుక్క రక్తం తాగి రాలిపోయి ఎనిమిది కాళ్ళదవుతుంది, మళ్ళీ ఎక్కి తాగి రాలి పెద్దదవుతుంది, మూడోసారి ఎక్కుతుంది. ప్రతిసారీ రాలి, సందు వెతుక్కుంటూ పైకి పాకడం వాటి స్వభావం. రక్తం తాగి ఉబ్బిన ఆడది ఏ పగులులోనో చేరి వేలల్లో, నాలుగు వేల దాకా గుడ్లు పెట్టి చనిపోతుంది. పెద్దవి ఆహారం లేకుండా నెలల తరబడి కాచుకుని ఉండగలవు. అంటే కుక్క మీద మనం చూసేది చిన్న వాటా. మిగతాదంతా గోడల్లో ఉంది.

ఆ రోజు ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. "పాప ఉన్న ఇల్లు, దాన్ని కొన్నాళ్ళు ఎక్కడికైనా పంపించేయండి" అన్నారు అత్తయ్య. ఆవిడ భయం అర్థం చేసుకోగలను. ఈ రకం మనుషుల్ని తక్కువగానే కుడుతుంది గానీ అసలు కుట్టదని లేదు. నాకేమో ఏడుపు ఆగలేదు. డాక్టర్ గారినే అడిగాం. ఆయన చెప్పింది విని అత్తయ్య కూడా మెత్తబడ్డారు. మందు వేసిన కుక్క ఇంట్లో ఉండటమే ఇప్పుడు మీకు మేలు, ఆకలిగా ఉన్నవన్నీ దాని మీదికే వెళ్తాయి, కుట్టినవి చస్తాయి. దాన్ని పంపేస్తే అవి గోడల్లోనే ఉండి ఆకలికి మనుషుల వైపు వస్తాయి. చుక్కను ఉంచుకున్నాం. మమ్మల్ని కాపాడటానికి అది కుట్టించుకోవాలన్నమాట. ఆ ఆలోచన మింగుడుపడటానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఇల్లు శుభ్రం చేయడం మొదలుపెట్టాం. చుక్క పరుపు తొడుగులు, మా దుప్పట్లు, కర్టెన్లు అన్నీ బాగా వేడినీళ్ళలో ఉతికాం, తర్వాత డ్రైయర్‌లో ఎక్కువ వేడి మీద వేశాం. మామూలు నీళ్ళ ఉతుకు వాటినేమీ చేయదు, వేడే చంపుతుంది. పరుపు లోపలి దూది మాత్రం పారేశాం. వాక్యూమ్ క్లీనర్ సన్న మూతి పెట్టి ప్రతి సందూ లాగాం, పైకప్పు మూలలతో సహా. లాగిన సంచిని వెంటనే కవర్లో గట్టిగా కట్టి బయట పడేయాలి, లేకపోతే మళ్ళీ పాకి వస్తాయి. చదునైన చోట కనిపించినవాటిని వెడల్పాటి టేపుతో అంటించి మడిచేసేవాళ్ళం. ఇంత చిన్న ఉపాయం ఎంత పనికొచ్చిందో చెప్పలేను. తర్వాత క్రిమిసంహారక మందు కొట్టేవాళ్ళను పిలిచాం. చుక్క, పాప అప్పుడు ఇంట్లో లేరు, కొట్టడం అయ్యాక మందు పూర్తిగా ఆరేదాకా నేనూ బయటే ఉన్నాను. పిల్లి సంగతి పై అంతస్తువాళ్ళకు ముందే చెప్పి, దాన్ని కొన్ని రోజులు ఇంట్లోనే ఉంచుకోమన్నాం. కొట్టే మనిషి నేల మీద బాగా కొట్టాడు. గోడల పైభాగం, తలుపు చట్రాలు, కర్టెన్ కడ్డీల వెనక కొట్టమని నేనే పక్కన నిలబడి చెప్పాల్సి వచ్చింది. బొద్దింకలకు కొట్టే అలవాటుతో కొడితే ఇవి తప్పించుకుంటాయి. గుడ్లకు ఈ మందు పెద్దగా ఎక్కదు, రెండు వారాలయ్యాక మళ్ళీ కొట్టించుకోండి అన్నాడు.

ఆ హడావుడిలో ఉండగానే, మార్చి 20 దాటాక, చుక్క తిండి మానేసింది. మొదటి పూట అలసట అనుకున్నాం. సాయంత్రానికి లేవలేదు. ఒళ్ళు కాలిపోతోంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు పాలిపోయి, వాటి మీద సన్నటి ఎర్ర చుక్కలు. ఆ ఎర్ర చుక్కలు కనిపిస్తే పొద్దున దాకా ఆగొద్దు. మేము రాత్రే తీసుకెళ్ళాం.

జ్వరం 104 డిగ్రీలు ఉంది. రక్తం తీశారు. గంటన్నర తర్వాత రిపోర్టు వచ్చింది. ప్లేట్‌లెట్లు 42 వేలు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు సుమారు రెండు లక్షల నుంచి అయిదు లక్షల మధ్య ఉండాలి. ఎర్లీకియా అనుమానం అన్నారు. ఎర్లీకియా కేనిస్ అనే బ్యాక్టీరియాను ఈ పిడుదులే ఎక్కిస్తాయి, కుట్టిన కొన్ని గంటల్లోనే ఎక్కించగలవు, లక్షణాలు సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల మధ్య బయటపడతాయి. అంటే నేను చెవిలో మొదటి పిడుదును చూసే సమయానికే అది దాని రక్తంలో చేరి ఉండవచ్చు. అక్కడికక్కడే చేసే రాపిడ్ టెస్ట్ మాత్రం నెగెటివ్ వచ్చింది. నాకు ఆశ కలిగింది, కానీ డాక్టర్ గారు తల అడ్డంగా ఊపారు. అది యాంటీబాడీలను, అంటే జబ్బుతో పోరాడటానికి ఒంట్లో తయారయ్యేవాటిని చూసే పరీక్ష, జబ్బు కొత్తలో అవి ఇంకా తయారై ఉండవు, రిపోర్టు కోసం ఆగితే ఆలస్యమవుతుంది అని ఆ రాత్రే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. ఆ బ్యాక్టీరియా జన్యుపదార్థాన్నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్షకు రక్తం పంపారు. నాలుగు రోజుల తర్వాత అది పాజిటివ్ అని వచ్చింది.

ఆ నాలుగు రోజుల్లో మొదటి రెండు రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. రాత్రి గంటకోసారి లేచి ఊపిరి తీస్తోందా అని చూసేదాన్ని. ముక్కు నుంచి రక్తం కారితే వెంటనే రమ్మన్నారు. అందుకని దాని ముక్కు కింద తెల్ల గుడ్డ వేసి పడుకోబెట్టాను, రంగు కనిపిస్తుందని. గట్టిగా ఆడించొద్దు, మెట్లు ఎక్కనివ్వొద్దు, ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు దెబ్బ తగిలితే లోపల రక్తం కారుతుంది అన్నారు. మూడో రోజు పొద్దున లేచి వచ్చి గిన్నె ముందు నిలబడింది. పాప గెంతింది. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

డాక్సీసైక్లిన్ 28 రోజుల కోర్సు. కుక్క మూడో రోజుకే ఉత్సాహంగా తిరుగుతుంది కాబట్టి చాలామంది మధ్యలో ఆపేస్తారట. అలా ఆపితే జబ్బు లోపల దాగి, నెలల తర్వాత ఎముక మజ్జ దాకా పోయి తిరగబెట్టవచ్చు, అప్పుడు తిప్పడం చాలా కష్టం అన్నారు. ఈ మందు ఖాళీ కడుపున వేస్తే వాంతి చేసుకుంటుంది. గొంతులో ఇరుక్కుంటే అన్నవాహిక పుండు పడుతుంది. అందుకని ముందు కొంచెం తిండి, తర్వాత మాత్ర, ఆ వెంటనే మళ్ళీ తిండి, కాసిని నీళ్ళు. పాల పదార్థాల్లో పెట్టి ఇవ్వొద్దన్నారు. మాత్ర దాచడానికి అదే సులువైన దారి అనుకున్నాను కాబట్టి వేరే ఉపాయాలు వెతుక్కోవాల్సి వచ్చింది. వారం తర్వాత ప్లేట్‌లెట్లు లక్షా నలభై వేలు. కోర్సు అయిపోయాక, ఏప్రిల్ మూడో వారం దాటాక, రెండు లక్షల ముప్ఫై వేలు. యాంటీబాడీ పరీక్ష మళ్ళీ చేయించమంటారా అని అడిగాను. అవసరం లేదు, ఇప్పుడు చేస్తే పాజిటివ్ వస్తుంది, జబ్బు తగ్గాక కూడా నెలలు, ఒక్కోసారి ఏళ్ళ తరబడి అలాగే వస్తుంది అన్నారు. ముందే తెలియకపోతే ఆ రిపోర్టు చూసి కుంగిపోయేదాన్ని. చూడాల్సింది ప్లేట్‌లెట్లనీ, కుక్కనీ.

ఖర్చు సంగతి చెప్పాలంటే, నేను భయపడిన మాత్రల ఖర్చు నిజానికి తక్కువ. డాక్సీసైక్లిన్ అన్నిటికంటే చవక. మళ్ళీ మళ్ళీ చేయించిన రక్తపరీక్షలు, పీసీఆర్, ఇంటికి మందు కొట్టించడం, ఈ మూడే నడ్డి విరిచాయి. కుక్కకు నెలనెలా మాత్ర ముందునుంచీ వేసేవాళ్ళకు ఈ మూడింటి అవసరం చాలావరకు రాదు.

ఇంటి మీద పోరాటం అయిపోలేదు. ఏప్రిల్ మొదటివారంలో, రెండోసారి మందు కొట్టించడానికి రెండు రోజుల ముందు, పాప గది గోడ మీద ఏదో మరకలాగా కనిపించింది. దగ్గరికి వెళ్తే మరక కదిలింది. అప్పుడే గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు, కళ్ళు చికిలించి చూస్తే గానీ ఒక్కొక్కటీ విడిగా కనిపించనంత చిన్నవి. మేము చూడని కుప్ప ఎక్కడో ఇంకోటి ఉందన్నమాట. గుడ్లు పొదగడానికి రెండు నుంచి అయిదు వారాలు పట్టవచ్చని అప్పటికి తెలుసు కాబట్టి ఈసారి భయం కంటే కోపం ఎక్కువ వచ్చింది. టేపుతో మొత్తం లాగేశాం. రెండోసారి కొట్టించాం. ఏప్రిల్ చివర్లో మూడోసారి కూడా.

అప్పటినుంచి గోడకు ఒక కాగితం అంటించి, కనిపించిన ప్రతిదాన్నీ తేదీతో, చోటుతో రాశాం. ఇది మావారి ఆలోచన. మందులు, వాక్యూమ్ తర్వాత నాకు అన్నిటికంటే ఉపయోగపడింది ఇదే. చాలాసార్లు పాప గది కిటికీ పక్కనే వస్తున్నాయని రెండు వారాల్లో తేలింది. కిటికీ చట్రానికీ గోడకూ మధ్య సన్నటి పగులు ఉంది. దాన్ని పూడ్చి రంగు వేయించాక లెక్క ఒక్కసారిగా పడిపోయింది. మే నెలలో అక్కడొకటి ఇక్కడొకటి. చుక్క ఒంటి మీద దొరికినవన్నీ చచ్చి ఎండినవే. ఇంట్లో బతికున్న పిడుదును ఆఖరిసారి చూసింది జూన్ రెండో వారంలో, చెప్పుల అలమర వెనక.

ఇప్పుడు ఆగస్టు. వాక్యూమ్ వారానికోసారికి తగ్గించాం. నెలనెలా మాత్ర మాత్రం ఏడాది పొడవునా ఆపొద్దన్నారు, ఎక్కడైనా ఒకటీ అరా కాచుకుని ఉంటే అది కుట్టిన చోటే ఆగిపోవాలని. బయటికి వెళ్ళి వచ్చిన ప్రతిసారీ చెవులు, వేళ్ళ సందులు, చంకలు చూస్తాను. ఇప్పుడు చుక్కే కాలు చాచి పడుకుంటుంది. తర్వాతి రక్తపరీక్ష సెప్టెంబరు మొదటి వారంలో. అది కూడా మామూలుగా వస్తే ఇక ఆరు నెలలకోసారి చాలన్నారు డాక్టర్ గారు.